ఆరో ఆకుకుప్ప

"ఏయ్ మామ్మా! ముట్టుకోకు!"

హేమలత కేకకి ముసలమ్మ చెయ్యి చెక్కపలక మీదే ఆగింది. నోట్లో అడ్డపొగ, చుట్ట నిప్పు కొస లోపలికి.

"ఇక్కడ చుట్ట కాల్చకూడదు."

"నిప్పు నా నోట్లో ఉంటే నీకేటి కాల్తంది గుంటా?"

హేమలతకి ఒళ్లు మండింది. అరకు రోడ్డు పక్కన ఆ బొమ్మల గ్యాలరీ తనది. అందులో ఆ పలకంటే ప్రాణం.

పలక మీద చెక్కింది ఒక చుట్టల పాక. ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని చుట్టలు చుడుతుంటారు. పొగాకు ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. అబ్బ, ఏం పనితనం!

చెక్కినవాడి కోసం రెండేళ్లు సంతలన్నీ తిరిగింది. అడగని వడ్రంగి లేడు. రేపు పలక విశాఖ ప్రదర్శనకి వెళ్తోంది. కింద అతికించే చీటీ మీద 'శిల్పి పేరు తెలియదు' అని రాస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ముసలమ్మ చుట్ట తీసి బయట పారేసి వచ్చింది.

"ఇది మా పాకే. ఇదిగో రత్న. ఇది కనక. సుట్ట సుట్టాలంటే కనకే సుట్టాల."

"నువ్వూ చుట్టేదానివా?"

"మరేటనుకున్నావు? కొండల మీదోలందరూ మా సుట్టే కాల్చీవోలు!"

హేమలత మెత్తబడింది.

"అయితే ఈ తప్పు చూడు మామ్మా. ఆకుకుప్పలు ఆరు. మనుషులు ఐదుగురే. పాపం, చెక్కినవాడికి లెక్క రాలేదు."

ముసలమ్మ తల ఎగరేసింది.

"లెక్క సరిగ్గానే ఉంది. ఆరో మనిషి పనిలో ఉండీది."

"ఏం పని?"

బయట పెదబయలు వెళ్లే జీపు హారన్ మోగించింది.

"పైడితల్లప్పా, బేగి రా! జీపు ఎల్లిపోతంది!" ఎవరో ఆడమనిషి అరిచింది.

"వత్తన్నానే!" ముసలమ్మ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "సెక్క ఎండిపోతంది. ఇప్పనూనె రాయి."

చాదస్తం అనుకుంది హేమలత. నూనెగుడ్డ తెచ్చి, పలక ముందు కూర్చుంది. రత్న మొహం తుడిచింది. కనక మొహం తుడిచింది. ఠక్కున చెయ్యి ఆగిపోయింది.

ఐదుగురిలో ఒక్కరూ చేతిలో ఆకు చూడడం లేదు. ఎదురుగా ఎవరినో చూసి, అందరూ పకపకా నవ్వుతున్నారు.

బయటికి పరిగెత్తింది. జీపు మలుపు తిరిగిపోయింది.

"అయ్యో, కుర్చీ అయినా వెయ్యలేదే!"

లోపలికొచ్చి, చీటీ మీది మాట కొట్టేసి, పెద్ద అక్షరాలతో రాసింది: 'శిల్పి: పైడితల్లి, చుట్టల పాకలో ఆరో మనిషి.'