సంబంధం విచారించినట్టు

"రామనారాయణ అనే ఆయన మీకేమవుతాడమ్మా?"

నాయన నంబరు నుంచి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించేసరికి అశ్విత కంగారుపడింది. ఉదయగిరిలో తమ ఇంటి వరండాలో కూర్చుని బట్టలు సర్దుకుంటోంది ఆమె. సోమవారం హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి.

"మా నాయనండీ. ఏమైంది? బాగుండాడా?"

"బాగానే ఉన్నాడు. నా పేరు జెస్సికా. ఇక్కడ హైదరాబాద్‌లో, మా కాలనీలో టైలరింగ్ షాపు నాది. మీ నాయన్ని పట్టుకుని నా షాపులోనే కూర్చోబెట్టాం. పోలీసులకు ఫోన్ చేశాం, వస్తున్నారు."

అశ్విత బట్టలు పక్కకు తోసి లేచి నిలబడింది.

"పోలీసులా? మా నాయనేం చేసినాడండీ?"

"ఏం చేశాడా! పొద్దుట్నుంచీ మా వీధులన్నీ తిరిగి వాకబు చేస్తున్నాడమ్మా. ఆడపిల్లలు ఒంటరిగా ఉండే ఇళ్ళేవి, డ్యూటీ నుంచి ఎన్నింటికొస్తారు, బస్టాపు నుంచి ఎవరన్నా తోడొస్తారా, వీధిలైట్లు ఎక్కడ వెలగవు... ఇవీ ఆయన అడిగే ప్రశ్నలు. వింటే నీకేమనిపిస్తుంది చెప్పు?"

ఎవరికైనా ఏమనిపిస్తుందో అశ్వితకూ అదే అనిపించింది. తల పట్టుకుంది.

"అయ్యో, నాకు ఇల్లు చూడడానికి వచ్చినాడక్కా. కొత్త ఉద్యోగం నాది. ఏరియా మంచిదని తన కళ్ళతో చూస్తేనే పంపిస్తానన్నాడు. నా జీతానికి అద్దె కూడా అందాల గదా. అందుకని మూడు రోజుల నుంచి ఆ ఊళ్ళోనే తిరగతా ఉండాడు."

"ఆ మాటే చెప్పొచ్చుగా? ఇస్త్రీ అతనితో స్థలం కొంటానన్నాడు. పాలబూత్‌లో తన కొడుక్కి పిల్లను వెతుకుతున్నానన్నాడు. టీకొట్టులో గేదెలు కొనడానికి వచ్చానన్నాడు. మా కాలనీలో గేదెలెక్కడివమ్మా?"

ఆవిడ వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అశ్వితకు మాత్రం నవ్వు రాలేదు.

పక్కనే చెవులు రిక్కించి వింటున్న పెంచలమ్మ మనవరాలి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏమ్మా, నేను రామనారాయణ వాళ్ళమ్మను మాట్లాడతా ఉండాను. ఎవరో ఏందో చెప్పొద్దని నేనే చెప్పి పంపినా. మా పక్క సంబంధం విచారించాలంటే అంతే. పిల్లనిచ్చేవాళ్ళమని చెప్తే ఎవరన్నా నిజం చెప్తారా? గేదెల బేరానికొచ్చినామని టీ అంగట్లో కూర్చుంటే అన్నీ అవే బయటికొస్తాయి."

"ఇది సంబంధం కాదవ్వా, కాలనీ!" అంది జెస్సికా.

"ఏదైతే ఏంది? మా పిల్లను పంపేదే గదా!"

అవ్వ గొప్పలు చెప్పడం కాదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళి మాట వచ్చినా ముందు రామనారాయణనే పంపుతారు. పెళ్ళికొడుకు తాగుడు, అత్తగారి నోరు, పొలం తగాదాలు, అన్నీ ఒక్క టీ తాగేలోపల రాబట్టుకొస్తాడు. అంతటి మొనగాడు ఇప్పుడు టైలరింగ్ షాపులో బందీ అయి కూర్చున్నాడు.

"అక్కా, ఒక్కసారి వీడియో కాల్ పెట్టండి, ఆయన్ని చూడాల" అని బతిమాలింది అశ్విత.

కుట్టుమిషను పక్కన స్టూలు మీద నాయన కనిపించాడు. చొక్కా పైగుండీ ఊడిపోయింది. చుట్టూ ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు. ఇస్త్రీ అతను నాయన భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. గుమ్మానికి అడ్డంగా ఒక వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

ఎవరితోనూ ఒక్క మాట పడని మనిషి అలా తలవంచుకుని కూర్చుంటే అశ్విత చూడలేకపోయింది. ఇదంతా తన కోసమే గదా అనుకునేసరికి ఏడుపు ఆగలేదు.

"నాయనా, నువ్వొచ్చెయ్. నాకా ఉద్యోగమొద్దు. ఆత్మకూరులోనే ఏదో ఒకటి చూసుకుంటా. నిన్నిన్ని మాటలనిపించి నేనా ఊళ్ళో ఉండలేను."

ఆ మాట ఊరికే అనలేదు. రెండేళ్ళు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగాన్ని ఆ క్షణంలో నిజంగానే వదులుకుంది.

ఇంతలో పోలీసులు వచ్చారు. ఒక మహిళా కానిస్టేబుల్ రామనారాయణ ఆధార్ కార్డు చూసింది. అశ్వితతో మాట్లాడింది. పెంచలమ్మతోనూ మాట్లాడింది. పెంచలమ్మ గేదెల సంగతి మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంది. కానిస్టేబుల్ నవ్వాపుకుంటూ, "ఇంకెక్కడా ఇలా అడక్కండి పెద్దాయనా" అని చెప్పి వెళ్ళిపోయింది.

జెస్సికా ముఖం చిన్నబోయింది. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి రామనారాయణ చేతికిచ్చింది.

"ఏమనుకోకన్నా. మా వీధిలో బోలెడంతమంది ఆడపిల్లలున్నారు. వాళ్ళమ్మానాన్నలు ఎక్కడో ఊళ్ళలో ఉంటారు. మేం కాకపోతే ఎవరు చూస్తారు?"

రామనారాయణ నీళ్ళు తాగి ఫోన్ అందుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాయన పౌరుషం అశ్వితకు తెలుసు. ఇక హైదరాబాద్ పేరెత్తితే ఒప్పుకోడనుకుంది.

"ఏడవబాక పాపా. బ్యాగు సర్దుకో. ఈ జెస్సికమ్మ వీధిలోనే రూము చూస్తా ఉండా."

"అంత అవమానం చేసినాక ఆ వీధెందుకు నాయనా?"

"మూడు రోజుల్లో ఐదు కాలనీలు తిరిగి అందర్నీ ఇవే మాటలడిగినా పాపా. తక్కిన నాలుగు కాలనీల్లోనూ నేనెవురో కూడా అడక్కుండా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆడపిల్లలు ఒంటరిగా ఉండే ఇళ్ళు వేలు పెట్టి చూపించినారు!"