కుడిచేతి వైపు

సైకిలు హ్యాండిలు మోచేతిని రాసుకుంటూ పోవడంతో, తోటి ఆడవాళ్లతో నడుస్తున్న నర్సింహమ్మ తూలి, బాట పక్కన గడ్డిలో కూలబడింది.

"కండ్లు నెత్తికెక్కినయా పిలగా? బెల్లు కొట్టవా?"

"కొట్టానండీ. మాటల్లో పడి మీరే వినలేదు." అమీన్‌పూర్ అపార్టుమెంట్ల నుంచి గేర్ల సైకిలు మీద వచ్చే రాజారావు దిగి నిలబడ్డాడు. కంప్యూటరు కంపెనీ ఉద్యోగి. అతని వెనక మరో నలుగురు సైకిళ్లు ఆపారు.

"బెల్లు ఇని ఎనకకు సూసేలోపల నడుము మీదికొస్తివి గద!"

అటవీ శాఖ వాచర్ యాదన్న పరుగున వచ్చాడు. ఇది ఈ నెలలో మూడో గొడవ. "రేంజర్ సారు సోమారం వస్తుండు. గప్పటిదాక మీరు ఒక్క మాట మీదికి రాకుంటే గేటుకు తాళమేస్తా అన్నడు. తాళం పడ్డంక ఇగ వాచర్‌తోటి ఏం పని? నా నౌకరి పోతది. జెర సోంచాయించుండ్రి."

బాట గుట్ట చుట్టూ మూడు కిలోమీటర్లు తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. నడిచేవారూ సైకిళ్లవారూ అందరూ గుట్టను కుడిచేతికి ఉంచుకుని ఒకే వైపు తిరుగుతారు. అందుచేత సైకిలు ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది.

ప్రభుత్వరంగ కర్మాగారంలో భద్రతాధికారిగా పనిచేసి రిటైరైన సూర్యారావు చేతికర్రతో నేలమీద సున్నా గీశాడు. "పరిష్కారం తేలిక. వెనకనుంచి వచ్చేదానికి చెవి మీద ఆధారపడాలి. ఎదురుగా వచ్చేదానికి కన్ను ఉంది. కాబట్టి ఒక వర్గం ఇటు తిరగాలి, రెండోది అటు."

"మేం తిప్పుకోలేమండీ. అటునుంచి వస్తే క్వారీ గుంత దగ్గర నిలువు దిగుడు, దిగీదిగగానే మలుపు. బ్రేకు పట్టదు" అన్నాడు రాజారావు.

సూర్యారావు ఆ దిగుడును లోగడ స్వయంగా పరిశీలించి ఉన్నాడు. రాజారావు చెప్పింది నిజమే. "అయితే నడిచేవాళ్లమే తిరుగుదాం."

"అమ్మను ఎడమ దిక్కు పెట్టుకోనా?" నర్సింహమ్మ గడ్డి దులుపుకుంటూ లేచింది. గేటుకు ఎదురుగా, బాట లోపలి అంచున, పసుపు పూసిన మూరెడు రాయి ఉంది. "సచ్చినా తిరగం."

"అది రాయి" అన్నాడు సూర్యారావు.

"రాయే! ఆమె ఎలిసినంకనే గద ట్యాంకర్లు బందయినయ్? కంపెనీల మురికినీళ్లు తెచ్చి గీ గుంతలనే ఇడుస్తుండిరి. పసుపు జూసి డ్రైవర్లు దండం పెట్టి మర్లిపోయిన్రు."

"పై అధికారులకు నేను పదకొండు అర్జీలు పెట్టాను. ఆగింది అందువల్ల." సూర్యారావు గొంతు పెంచలేదు. తేదీలతో సహా నకళ్లు అతని ఇంట్లో ఉన్నాయి.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బొల్లారం కంపెనీ క్యాంటీన్‌లో వంటచేసే పుష్పమ్మ ఒక్కతే నేలమీది సున్నాను చూస్తోంది.

"నర్సింహక్కా, అమ్మ కుడి దిక్కుంటే సాలు. గంతే గద?"

"గంతే."

"గుట్ట ఏ దిక్కున్నా పర్వాలేదు?"

"గుట్టతోటి మనకేం పని?"

ఏ నిర్ణయమూ జరగకుండానే అందరూ విడిపోయారు.

సోమవారం పొద్దున సూర్యారావు వచ్చేసరికి రేంజర్ జీపు గేటు దగ్గరే ఉంది. బాట మీద ఆడవాళ్లు గుట్టను ఎడమచేతికి ఉంచుకుని ఎదురు తిరుగుతున్నారు. ముందునుంచి వచ్చిన రాజారావు సైకిలును చూసి నర్సింహమ్మ ఒక అడుగు పక్కకు జరిగింది. అంతే. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. రేంజర్ పావుగంట చూసి, తాళం జీపులోనే పెట్టుకుని వెళ్లిపోయాడు.

"సారూ, అమ్మ బాట దాటింది!" నర్సింహమ్మ ఆగకుండానే చెప్పింది. "నిన్న పొద్దున గక్కడుండె. ఇయాల గీడికొచ్చి కూసున్నది."

రాయి గేటు స్తంభం పక్కన, బాట బయటి అంచున ఉంది. కొత్తగా పసుపు పూశారు. పాత చోటి నుంచి ఇక్కడిదాకా దుమ్ములో ఈడ్చిన చార స్పష్టంగా కనిపిస్తోంది.

సూర్యారావు యాదన్నను పక్కకు పిలిచాడు. "ఉద్యోగం కోసం చేశావు. అర్థం చేసుకోగలను. కానీ ఇలా మూఢనమ్మకానికి ఎరువు వెయ్యకూడదు."

యాదన్న నోరు తెరిచాడు. "నేనా? అమ్మ మీద చెయ్యేస్తనా సారూ? దేవుడంటే బుగులు లేనిది మీకొక్కరికే. మీరే జరిపిన్రనుకొని, నా నౌకరి నిలబెట్టినందుకు మనసుల మీకు మొక్కుకుంటున్న!"

సూర్యారావు మళ్లీ వంగి చూశాడు. చారలో గోనెపీచు ఇరుక్కుని ఉంది. తల ఎత్తేసరికి ఎదురుగా పుష్పమ్మ. ఆమె కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. గడ్డపార పట్టి అలవాటు లేని చెయ్యి.

"మీరా?"

"నిన్న రెండో షిఫ్టు బస్సుకు ముంగట. బియ్యం సంచి మీద ఏసి గుంజిన. మెల్లగ మాట్లాడుండ్రి, నర్సింహక్క ఇంటది."

"మీకు భయం వెయ్యలేదా? మీరు కూడా దానికి రోజూ దండం పెడతారు కదా?"

పుష్పమ్మ నవ్వు ఆపుకుంది.

"ట్యాంకర్లప్పుడు మీరు అర్జీలు పెడుతుంటిరి సారూ. ఆ రాయి పెట్టింది నేనే."