భూషణం గారి గాలి వాటా

వకుళ టీచరు భర్త భూషణం పోయిన పూటే ఆయన మంచం మీది గాలి ఆగిపోయింది. ఎండకు జడిసి భూమి లోపల కట్టుకున్న ఆ కాలనీలో, పేరు పెట్టిన ప్రతి మనిషికీ ఇన్ని రంధ్రాలని కప్పులోని గాలిగొట్టమే లెక్కగట్టి తెరుస్తుంది, మూస్తుంది.

గోడకవతల పక్కింటి పసిపాప ఉక్కకు గుక్కపట్టి ఏడుస్తోంది. బారసాల కాలేదు కనుక ఆ పాపకింకా వాటా లేదు.

వకుళ టీచరు గొట్టాల మేస్త్రీని పిలిపించింది.

“ఆయన గాలి అటు తిప్పు, ఈరన్నా.”

“గొట్టం ఒప్పుకోదు టీచరమ్మా. పోయినోళ్ల వాటా అందరికీ పంచేస్తాది.”

“పోలేదు, పక్కింటికి మారారని చెప్పు దానికి.”

“అబద్ధమాడితే బెత్తంతో కొట్టింది మీరే కదమ్మా!”

“ఇవాళ కొట్టనులే. తిప్పు.”

ఈరన్న తిప్పాడు. కాసేపటికి అవతల ఏడుపు ఆగింది.

పాపకు పేరు పెట్టడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.