తెలియని కొలత

"ఎక్కి చూడు. కంకర దారిలో ఇక చేతులు తిమ్మిరెక్కవు," నడుం పట్టుకుని లేచాడు సైకిల్ మెకానిక్.

భార్య కొనితెచ్చిన పాత మౌంటెన్ బైక్‌కి అడ్డ హ్యాండిల్ పీకేసి, కిందికి వంగే కొమ్ముల హ్యాండిల్ బిగించాడు. ఆమెకి అందేలా దగ్గరగా జరిపాడు కూడా.

ఆమె ఎక్కలేదు. "నా కొలతకెందుకు చేశారు?"

"తెచ్చింది నువ్వేగా."

"మీకోసం తెచ్చాను. అందరి సైకిళ్ళూ బాగుచేస్తారు. మీరు సైకిలెక్కి పదేళ్ళయింది."

"ముందే చెప్పొచ్చుగా. రెండ్రోజుల పని నీళ్ళపాలు."

"చెప్తే చేసేవారా?"

అతను బోల్టులు విప్పడానికి మళ్ళీ కూర్చున్నాడు.

"మీ చేతి కొలతెంత?"

షాపుకొచ్చే వాళ్ళందరి కొలతలూ అతనికి నోటికొచ్చు. తన చేయి చాచి చూసుకున్నాడు.

"తెలీదే."

ఆమె గోడకున్న టేపు తీసింది. "లేవండి."