సగం గడ్డం

పోస్టుమాస్టరు అల్లుణ్ణి తిట్టిపోస్తుండగా బార్బరు కత్తి ఆయన చెంప మీదే ఆగిపోయింది.

“ఆపావేం?”

“ఇక వినలేను సార్.”

“మా అల్లుడి సంగతా?”

“ఎవరి సంగతైనా. వీధి వీధంతా గోడు నాకే చెప్పుకుని తేలికపడి వెళ్తుంది. నాకేమో నెల నుంచి నిద్ర లేదు. పొద్దున్నే షాపు తీయాలంటే ఏడుపొస్తోంది.”

కొత్త బ్లేడు వేయనా అని అడిగినంత మామూలుగా అన్నాడా మాట. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఇద్దరూ చేతిలోని పేపర్లు దించారు.

పోస్టుమాస్టరుకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్లుగా తన కోపమంతా ఈ కుర్చీలో దించేసి వెళ్లబట్టే ఇంట్లో గొడవల్లేవు. ఇతన్ని మాత్రం ఎలా ఉన్నావని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆయన సగం గడ్డంతోనే లేచి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. ముందు మాకు చెప్పు.”

“మీ గడ్డం సార్?”

“అదెక్కడికీ పోదు.”

బెంచీ మీదివాళ్లు కూడా కదల్లేదు.

“ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు సార్.”

“మేమెలా మొదలుపెడతాం? ఇంట్లోవాళ్లని తిట్టు.”

అతను తిట్టలేదు. చెప్పడం మొదలుపెట్టాడు.