బోల్టు మారిన తుపాకీ

"కింద పెట్టవయ్యా బాబూ! అది తుపాకీ, పెళ్ళికూతురు కాదు. ఎంతసేపు చూస్తావు?"

వ్యాపారి డెల్మర్ గొంతుకి అతని బల్ల మీది తుపాకులన్నీ ఉలిక్కిపడ్డాయి. గార్లాండ్ మాత్రం ఉలకలేదు. జపాను తుపాకీని బోర్లించి, బోల్టు అడుగున చెక్కిన అంకెలు చూశాడు. పెదవి విరిచి పక్క బల్లకి నడిచాడు.

తలుపుకి గడియ ఎలాగో తుపాకీకి బోల్టు అలాగ. ఆ ఒక్క గడియ కోసం గార్లాండ్ క్రైడర్ ఎన్ని గడియలు తగలేశాడో దేవుడికీ, భార్యకీ మాత్రమే తెలుసు.

పెన్సిల్వేనియాలో ఏ ఊరి ఫైర్‌స్టేషను హాల్లో పాత తుపాకుల సంత పెట్టినా అతను హాజరు. గుండు లేని తుపాకుల మధ్య గుండెదడతో తిరుగుతాడు.

వాళ్ళ నాన్న పసిఫిక్ యుద్ధం నుంచి ఓ జపాను తుపాకీ గుర్తుగా వెంట తెచ్చుకున్నాడు. ఓడ ఎక్కేటప్పుడు, ఎందుకైనా మంచిదని, సిపాయిల తుపాకులన్నిటికీ బోల్టులు ఊడబీకి పెట్టెలో పడేశారు. దిగేటప్పుడు చేతికందింది చేతిలో పెట్టారు. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పులు మారినట్టు ఎవరి తుపాకీకో ఎవరి బోల్టో!

తుపాకీ మీదా బోల్టు మీదా ఒకటే నంబరుండాలి. నాన్న తుపాకీకి లేదు.

"నేనైతే ఇల్లు చేరానుగానీ, నా తుపాకీ ఇంకా చేరలేదురా" అంటూనే ఆయన పోయాడు. అప్పటినుంచీ కొడుక్కి కాలు నిలవదు.

"ఆ నంబరేదో చెప్పు, నేనూ ఓ కన్నేసి ఉంచుతా" అరిచాడు డెల్మర్ వెనకనుంచి.

"కన్నే వేస్తావో, కన్నమే వేస్తావో!"

ఒకసారి కన్నం పడిందతనికి. నోరు జారి నంబరు చెప్పేశాడు. మరుసటి సంతలోనే ఒకడు సరిగ్గా అదే నంబరున్న బోల్టు తెచ్చాడు. ఎగిరి గంతేసి కొన్నాడు. ఇంటికెళ్ళి నూనెగుడ్డతో తుడిస్తే ఏముంది, అంకెలు నిన్నగాక మొన్న కొట్టినవి! ఆనాటినుంచి ఆ నంబరు భార్యకి కూడా చెప్పడు.

హాలంతా రెండు చుట్లు తిరిగాడు. కాఫీ నిలబడే తాగాడు. సాసేజి నడుస్తూనే తిన్నాడు. సగం చొక్కా తినేసింది.

"అబ్బాయ్!"

తిరిగి చూస్తే ఓ ముసలాయన. పొడుగు కోటు, చేతికర్ర, చెవిలో మిషను.

"పొద్దుట్నించీ చూస్తున్నా. తుపాకులు చూడవు, బోల్టులే చూస్తావేం?"

"చూడ్డానిక్కూడా టిక్కెట్టా పెద్దాయనా?"

"కోప్పడకు. ఓడలో మారిపోయిందా? మీ నాన్నదా?"

"ఎవరిదైతే మీకెందుకు?"

"నువ్వు వెతికే నంబరెంత?"

వచ్చాడండీ గూఢచారి! వ్యాపారులు ఇలాంటి అమాయకపు మొహాలను పంపించి నంబర్లు ఆరా తీయిస్తున్నారని గార్లాండ్ విని ఉన్నాడు.

"ముందు మీ దగ్గరేముందో చెప్పండి."

"ముందు నువ్వు నంబరు చెప్పు."

"అబ్బే, మీరే చెప్పండి."

"అలా కుదరదబ్బాయ్. నువ్వే చెప్పాలి."

ఇక ఇది వదిలే జిడ్డు కాదనుకున్నాడు గార్లాండ్. అత్తగారి ఫోను నంబర్లో చివరి అయిదంకెలు అందుకున్నాడు. ఆవిడ అతనికి అక్కరకొచ్చింది అదే మొదటిసారి.

"నాలుగు..."

ముసలాయన చెయ్యి గబుక్కున కోటు జేబులోకి వెళ్ళింది. రాసుకోవడానికి కలం తీస్తున్నాడు కాబోలు. తీయనీ!

"...రెండు, తొమ్మిది, తొమ్మిది, సున్నా."

చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"అదేనా? ఇంకోసారి బాగా గుర్తు తెచ్చుకో నాయనా."

"మా నాన్న తుపాకీ నంబరు నాకు గుర్తుండదా?"

"ఉంటుందిలే. ఎందుకుండదు!"

ముసలాయన తలూపి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

గార్లాండ్ ఛాతీ పొంగించుకుని డెల్మర్ బల్ల దగ్గరకొచ్చాడు.

"నీ మనిషికి బురిడీ కొట్టించాలే!"

"నా మనిషా? నాకు మనుషులే ఉంటే ఈ బల్లలు నేనెందుకు మోస్తాను? ఆయనెవరో నాకేం తెలుసు! ఏదీ కొనడు, ఏదీ అమ్మడు."

ఈ మాట గార్లాండ్‌కి ఎక్కడో ముల్లులా దిగింది. సంత సర్దేసేదాకా ఆ కోటు కోసమే వెతికాడు. కనిపించలేదు.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే లొరేన్ పలకరించింది.

"దొరికిందా గార్లాండ్?"

"లేదుగానీ ఓ దొంగ దొరికాడు. పొడుగు కోటు, కర్ర, చెవిలో మిషను."

లొరేన్ నవ్వలేదు.

"ఆయన దొంగేమిటి, పాపం! బస్సులు మారి మారి వస్తాడు. ఆయన బోల్టు కూడా ఓడలోనే మారిపోయిందట. 'నా దగ్గరున్నది ఇంకొకడి సొత్తు, అప్పగించెయ్యాలి' అని ఒకటే బెంగ. ఊరికే ఇచ్చేస్తాడట."

"మరి 'బోల్టు నా దగ్గరుంది' అని చెప్పి చావొచ్చుగా!"

"చెబితే హాలు హాలంతా నాదంటే నాదని లేవదూ? నంబరు చెప్పినవాడికే ఇస్తానని ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. ఒంట్లో బాగాలేదు, రావడం ఇదే ఆఖరన్నాడు. ఇంక దాచి లాభమేంటని వెళ్తూ వెళ్తూ నాకు చూపించాడు. నాలుగు, ఏడు, ఆరు, ఒకటి, మూడు."

భార్యకి కూడా చెప్పని నాన్న నంబరు లొరేన్ నోట వినగానే గార్లాండ్ గేటు ఊచలు పట్టుకున్నాడు.

"ఎటెళ్ళాడు?"

"బస్సు వెళ్ళిపోయి చాలాసేపయింది."

"ఏ ఊరు? పేరేమిటి?"

"ఆయన అందరినీ నంబరు అడిగాడు. ఆయన్ని పేరు అడిగినవాళ్ళు లేరు."

గార్లాండ్ ఖాళీ రోడ్డు వైపు పరుగెత్తబోయి, ఎటు పరుగెత్తాలో తెలియక అక్కడే ఆగిపోయాడు.

"పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా?" లొరేన్ గేటు మూస్తూ అంది. "'ఇక్కడ ఈ బోల్టు తాలూకు వాళ్ళెవరూ దొరకలేదమ్మా. పోనీలే, త్వరలో పైకెళ్ళి ఆ సిపాయి చేతికే ఇచ్చేస్తాను' అన్నాడు."