లేచిన బొటనవేలు

సాయంత్రం ఐదు గంటల పన్నెండు నిమిషాలకి పోటీలో ఫైటర్ మెడ చుట్టూ ప్రత్యర్థి చేతులు బిగుసుకున్నాయి. రిఫరీ పోటీ ఆపేసరికి అతనికి స్పృహ లేదు.

ప్రథమ చికిత్స గదిలో డాక్టరమ్మ కాగితం తీసింది. "స్పృహ పోయాక ఎన్ని సెకన్లు ఆ పట్టులో ఉన్నాడండీ?"

"ఒకటో రెండో," అన్నాడు రిఫరీ. "పట్టులో ఉండగా, బాగానే ఉన్నానని బొటనవేలు చూపించాడు."

"రెండే అయితే ఇంటికి పంపేయొచ్చు."

మంచం మీద ఫైటర్ కళ్లు తెరిచాడు. "అన్నా, పోయినసారి తొందరపడి ఆపావని నీ ఇంటిల్లిపాదినీ తిట్టాను. ఈసారి నన్ను నమ్మావు చూడు, అది చాలు."

"వేలు చూపించావు, గుర్తుందా?"

"ఏ వేలు, అన్నా?"

రిఫరీ ఆ క్షణం గుర్తు చేసుకున్నాడు. వేలు లేచే ఉంది, నిజమే. కాళ్లు మాత్రం అప్పటికే వాలిపోయాయి. అప్పుడు స్పృహ ఉందో లేదో తెలియడానికి అతని చెయ్యి ఎత్తి వదిలి చూడాలి. మళ్లీ తిట్లు పడతాయన్న భయంతో తను అలా చూడలేదు.

"అమ్మా, ఆ రెండు కొట్టేయండి. కాళ్లు వాలాక పదకొండు సెకన్లు ఊరికే నిలబడ్డాను. గడియారం నా ఎదురుగానే ఉంది."

ఫైటర్ నవ్వబోయాడు. "జోకులేస్తున్నావా అన్నా?"

రిఫరీ తల అడ్డంగా ఊపాడు.

డాక్టరమ్మ అంకె దిద్దింది. ఐదున్నరకి ఫైటర్‌ని స్కానింగుకి తీసుకెళ్లారు.